అల్యూమినియం ఇంగాట్ మీద సుంకం సున్నా కావాలని రాసివ్వమంటున్నారు, రాయమంటారా?

చర్లపల్లి డైకాస్టింగ్:

అందరికీ నమస్కారం. చర్లపల్లిలో నాకో చిన్న ప్రెషర్ డైకాస్టింగ్ షెడ్డు ఉంది, అంటే కరిగిన లోహాన్ని ఒత్తిడితో అచ్చుల్లోకి పోసే పని. రెండు మెషిన్లు, పదకొండు మంది మనుషులు. సీలింగ్ ఫ్యాన్ల మోటారు కవర్లు, నీళ్ల పంపుల బ్రాకెట్లు పోస్తాం. మా ముడిసరుకు ఏడీసీ-12 అనే అల్యూమినియం అల్లాయ్ ఇంగాట్, అంటే మిశ్రలోహపు దిమ్మ. కరిగించడం, పోయడం, గీకడం, పంపడం. అంతకుమించి నాకు పెద్దగా తెలిసిందేమీ లేదు. ఎగుమతి దిగుమతుల సంగతి అసలే తెలియదు. అందుకే ఈ ప్రశ్న.

ఆసియాన్ దేశాలతో, అంటే మలేషియా లాంటి ఆగ్నేయాసియా దేశాల కూటమితో, మనకున్న వాణిజ్య ఒప్పందాన్ని మళ్లీ కూర్చుని సమీక్షిస్తున్నారు కదా. మా పారిశ్రామికవాడ అసోసియేషన్ వాళ్లు "డైకాస్టింగ్ వాళ్ల తరఫున ఒక పేజీ రాసివ్వు, పైకి పంపిస్తాం" అన్నారు. నేను రాసింది ఒకటే లైను: ఇంగాట్ మీద సుంకం ఏ దేశం నుంచి వచ్చినా సున్నా చేయాలి. పక్క వీధిలో స్క్రాప్ కరిగించి ఇంగాట్లు పోసే ఆయన దగ్గరికి సంతకానికి తీసుకెళ్తే కాగితం చదివి, టీ ఇచ్చి, సంతకం పెట్టకుండా పంపించేశాడు. పదేళ్ల స్నేహం మాది.

నా బాధేంటో కూడా చెబుతాను. రెండేళ్ల కిందట ముగ్గురం చిన్న యూనిట్ల వాళ్లం కలిసి మలేషియా నుంచి ఒక కంటైనర్ తెప్పించాం. 24 టన్నులు, టన్ను రమారమి రెండు లక్షలు. ఒప్పందం ప్రకారం సుంకం సున్నా అని సరుకు అమ్మినవాడు ధ్రువపత్రం పంపాడు. రేవులో ఆపేశారు. ఈ లోహం నిజంగా మలేషియాలోనే తయారైందా, స్క్రాప్ ఎక్కడిది, ఖర్చుల వివరం చూపించు అన్నారు. అమ్మినవాడిని అడిగితే అది మా వ్యాపార రహస్యం, ఇవ్వం అన్నాడు. పంతొమ్మిది రోజులు. డెమరేజ్, అంటే సరుకు రేవులో ఆగినందుకు రోజువారీ అద్దె, ఆటో మీటరులా తిరుగుతూనే ఉంది. చివరికి మామూలు సుంకం ఏడున్నర శాతం, దాని మీద సెస్సు కలిపి 8.25 శాతం, అంటే 3,96,000 రూపాయలు కట్టి విడిపించుకున్నాం. జీఎస్టీ అయితే తర్వాత అమ్మకాల్లో సర్దుకుంటుంది. ఇది మాత్రం పోయిందంతే. ఆ నెల జీతాలు మా ఆవిడ గాజుల మీద తెచ్చిన అప్పుతో ఇచ్చాను.

అడగాల్సినవి రెండు. ముడిసరుకు మీద సుంకం తీసేస్తే దేశానికే మంచిది కదా, ఒక కూటమిలో చేరేటప్పుడు దాని మీద ఇంత పేచీ ఎందుకు? రెండోది, 2019లో మనం ఆసియాన్, చైనా, జపాన్ వగైరా కలిసిన వాణిజ్య కూటమి ఆర్‌సెప్‌లో చేరి ఉంటే నాకు ఇంగాట్ చవగ్గా వచ్చేదా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. పేజీ వచ్చే శుక్రవారానికి ఇవ్వాలి.

స్క్రాప్ భట్టి:

అన్నా, నీకు టీ ఇచ్చి పంపినాయన నేను కాదు గానీ నేను కూడా గా పనే చేస్త. జీడిమెట్లల భట్టి. కాబట్టి ఆయన ఎందుకు సంతకం పెట్టలేదో నేను చెప్త.

నువ్వు ముడిసరుకు అంటున్నవు సూడు, అది నీకు ముడిసరుకు. నాకు తయారైన సరుకు. గది అమ్ముకునే నేను బతుకుత. నా ముడిసరుకు పాత కిటికీ ఫ్రేములు, ఇంజన్ ముక్కలు, బండి చక్రాలు. ఇక్కడ దొరికేది చాలదు, బయటి నుంచి తెప్పించాలె. ఆ స్క్రాప్ మీద సుంకం 2.5 శాతం, సెస్సుతోని 2.75. మలేషియా ఆయన గదే స్క్రాప్ గదే లోకం నుంచి కొంటడు, కరిగిస్తడు, ఇంగాట్ చేసి సున్నా సుంకంతోని నీకు పంపుతడు. అంటే ముడిసరుకు తెచ్చుకుంటే పన్ను, తయారైంది తెచ్చుకుంటే పన్ను లేదు. దీన్ని తలకిందుల సుంకం అంటరు. నేను మాత్రం నెత్తి మీద రోకటి పోటు అంట.

రెండో సంగతి. నూరు కిలోలు పోస్తే నూరు కిలోలు రాదు. పెయింటు, నూనె, మట్టి, ఇనుప బోల్టులు అన్నీ పోంగ ఎనభై ఎనిమిదో, తొంభయ్యో చేతికొస్తది. మిగిలింది తెట్టు. నేను సుంకం కట్టింది నూరు కిలోల మీద. కరెంటు, ఫర్నేస్ ఆయిల్ వేరే.

ఇంగాట్ సున్నా అంటే ముందుగల నా స్క్రాప్ సున్నా అని రాయి. లేకుంటే నేను కూడా పెట్ట.

పదవీ విరమణ, విశాఖ:

చర్లపల్లి అబ్బాయికి, జీడిమెట్ల అబ్బాయికి. నేను కస్టమ్స్‌లో అప్రైజర్‌గా చేసి దిగిపోయినవాణ్ణి. సర్వీసులో చాలా ఏళ్లు ఇలాంటి ధ్రువపత్రాలు తిరగేసి చూడటమే నా పని. నీ కంటైనర్ ఆపినవాళ్ల వైపు నుంచి కూడా రెండు ముక్కలు చెబుతాను, కోప్పడకు. ముందు పేచీ ఎందుకన్నావు కాబట్టి అది.

నీకూ భట్టి ఆయనకూ మధ్య వచ్చిన తగాదాయే దేశాల మధ్య కూడా వస్తుంది. నాకు తెలిసినంతలో దీన్ని అన్నిటికన్నా బాగా చూపించేది బ్రిటన్ ఉదంతం. అప్పట్లో యూరప్‌లో ఆరు దేశాలు ఉమ్మడి మార్కెట్ పెట్టుకున్నాయి. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, హాలెండ్, లక్సెంబర్గ్. ఉమ్మడి మార్కెట్ అంటే లోపల సుంకాలు ఎత్తేసుకోవడంతో సరిపోదు, బయటివాడి సరుకు మీద అందరూ ఒకే సుంకం వేయాలి. 1961లో బ్రిటన్ చేరతానంది. బ్రిటన్ అప్పటిదాకా కెనడా అల్యూమినియం సుంకం లేకుండా తెచ్చుకునేది. ఆరుగురి ఉమ్మడి సుంకం 10 శాతం. అంటే చేరిన మర్నాడు బర్మింగ్‌హామ్‌లో గిన్నెలు చేసేవాడికి, కిటికీలు చేసేవాడికి ముడిసరుకు ప్రియమవుతుంది. కూటమిలో చేరితే ధరలు తగ్గుతాయనే కదా మనం అనుకునేది! ఇక్కడ అడ్డం తిరిగింది.

1961 అక్టోబరు 10న పారిస్‌లో బ్రిటన్ తరఫున ఎడ్వర్డ్ హీత్ తమ కోరికల పద్దు చదివాడు. మీ ఉమ్మడి సుంకాల చట్రం మొత్తం ఒప్పుకుంటాం, కానీ ఒక ఐదు ముడిసరుకుల మీద మాత్రం సున్నా కావాలి అన్నాడు. అల్యూమినియం, సీసం, జింకు, కాగితపు గుజ్జు, న్యూస్‌ప్రింట్. వేల సరుకుల్లో ఐదే. బేరానికి వెళ్లేవాడు అలా వెళ్లాలి. మనవాళ్లు బోలెడన్ని కోరికలతో వెళ్లి ఒకటీ తేల్చుకోకుండా వస్తారు. అది వేరే సంగతిలే.

ఐదే కదా, ఇచ్చేయొచ్చుగా అనిపిస్తుంది. కానీ ఆ 10 శాతం కూడా ఆరుగురూ వాళ్లలో వాళ్లు తన్నుకుని తేల్చిన అంకె. 1957లో రోమ్ ఒప్పందం రాసేటప్పుడు ఎంతకీ తెగని సరుకులను "జాబితా జి" అని ఒక మూట కట్టి, తర్వాత చూద్దాం అని పక్కన పడేశారు. అల్యూమినియం, సీసం, జింకు మూడూ ఆ మూటలోవే. ఫ్రాన్స్‌కు ఆల్ప్స్ కొండల జలవిద్యుత్తు మీద నడిచే సొంత స్మెల్టర్లు, అంటే అల్యూమినియం లోహం తీసే కార్ఖానాలు, ఉన్నాయి, వాటికి సుంకం గోడ కావాలి. కొనుక్కుని వాడుకునే హాలెండ్ లాంటివాళ్లకు గోడ వద్దు. అక్కడ ఫ్రాన్స్ మన జీడిమెట్ల భట్టి, హాలెండ్ నీ షెడ్డు. ఆరుగురూ ఇలా కిందా మీదా పడి రాజీ కుదుర్చుకున్నాక ఏడోవాడు వచ్చి, అది విప్పండి, సున్నా చేయండి అంటే ఎవరు విప్పుతారు?

ఆ బేరం తేలలేదు. 1963 జనవరి 14న ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ బ్రిటన్ అసలు వద్దన్నాడు, అంతటితో సరి. ఆయన వద్దనడానికి అల్యూమినియం కారణం కాదు, అది పెద్ద రాజకీయం.

అసలు రుచి తర్వాత ఉంది. 1960ల చివర్లో బ్రిటన్ ప్రభుత్వం దగ్గరుండి సొంతంగా మూడు పెద్ద స్మెల్టర్లు పెట్టించింది. స్కాట్లండ్‌లో ఇన్వర్‌గోర్డన్, ఇంగ్లండ్ ఈశాన్యంలో లైన్‌మత్, వేల్స్‌లో ఆంగ్లసీ దీవి. బ్రిటన్‌కు అల్యూమినియం అమ్ముకునే నార్వే గోల పెట్టింది కూడా. ఆ తర్వాత మళ్లీ బేరాలు సాగి, 1972 జనవరి 22న బ్రసెల్స్‌లో సంతకాలయ్యాయి. ఆ చేరిక పత్రానికి కొన్ని అనుబంధాలున్నాయి. 8 నుంచి 15 వరకూ చూస్తే వరసగా భాస్వరం, అల్యూమినా, తోళ్లు ఊనడానికి వాడే తుమ్మజాతి బెరడు సారం, ప్లైవుడ్, కాగితపు గుజ్జు, న్యూస్‌ప్రింట్, సీసం, జింకు. పదేళ్ల కిందట అడిగిన ఐదింటిలో నాలుగున్నాయి. అల్యూమినియం లోహం లేదు. దాని బదులు అల్యూమినా వచ్చి కూర్చుంది!

అల్యూమినా అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు, అయినా చదివేవాళ్ల కోసం చెబుతున్నా. బాక్సైట్ శుద్ధి చేస్తే వచ్చే తెల్ల పొడి. దాన్ని కరెంటుతో విడగొడితే లోహం. విశాఖ రేవులో ఒడిశాలోని దమన్‌జోడి నుంచి వచ్చిన ఆ పొడి ఓడలకెక్కడం నేను ఎన్నోసార్లు చూశాను. కళ్లద్దాల మీద పిండి పూసినట్టు పడేది. లోహం కొనుక్కునే దేశంగా ఉన్నప్పుడు బ్రిటన్‌కు ముడిసరుకు అంటే లోహం. సొంత స్మెల్టర్లు వచ్చాక ముడిసరుకు అంటే ఈ పొడి. ఎందుకు మారిందని ఆ కాగితాల్లో ఎవరూ రాయరు. నా లెక్కలో మాత్రం కారణం ఆ మూడు స్మెల్టర్లే. మెట్టు మారితే కోరిక మారింది. భట్టి ఆయన్ను స్క్రాప్ మీద సున్నా అడుగు, ఒప్పుకుంటాడు. ఇంగాట్ మీద సున్నా అంటే నీకు టీ మాత్రమే ఇస్తాడు.

ఇక మన సంగతి. ఆసియాన్‌తో మనది ఉమ్మడి మార్కెట్ కాదు, స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం. 2009 ఆగస్టులో సంతకం, 2010 జనవరి 1 నుంచి అమలు. ఇందులో బయటి ప్రపంచం మీద ఎవరి సుంకం వాళ్లదే. చిక్కంతా ఇక్కడే. మలేషియా ఒక సరుకును సున్నాకు రానిస్తే, మనం దాని మీద సుంకం వేస్తుంటే, ఆ సరుకు మలేషియా గుమ్మం లోంచి మన ఇంట్లోకి వస్తుంది. అలా రాకుండా పెట్టిన తలుపే పుట్టుక నియమం. ఆసియాన్ ఒప్పందంలో అది రెండు కాళ్ల మీద నడుస్తుంది: సరుకు విలువలో కనీసం 35 శాతం అక్కడిదై ఉండాలి, తయారీలో సరుకు ఉపశీర్షిక, అంటే సుంకాల జాబితాలో దాని కోడ్, మారాలి.

ఆ తలుపు సందులోంచి ఏమొస్తుందో మేం ముందే చూశాం. శ్రీలంకతో ఒప్పందం 2000 మార్చి 1న అమలైంది. ఏడాది రెండేళ్లలో శ్రీలంక నుంచి రాగి రావడం మొదలైంది. శ్రీలంకలో రాగి గని ఎక్కడుంది? ఒక్కటీ లేదు. లోకంలోని రాగి స్క్రాప్ అక్కడికి సుంకం లేకుండా వెళ్లి, కరిగి, ఇంగాటై, 35 శాతం విలువ చేర్చామన్న పత్రంతో మన దగ్గరికి సున్నాకు వచ్చేది. వనస్పతిదీ అదే దారి. మలేషియా, ఇండోనేషియా పామాయిల్ శ్రీలంకలో డబ్బాలకెక్కి మన దగ్గర దిగేది. కొన్నేళ్ల పాటు శ్రీలంక మనకు పంపిన సరుకులో పెద్ద భాగం ఈ రెండే. అప్పటినుంచి మా శాఖకు ఒక చూపు అలవాటైంది: గనిలేని చోట లోహం కనిపిస్తే కాగితం అడగడం. 2020 సెప్టెంబరు 21 నుంచి ఆ అడగడానికి కొత్త నిబంధనలు కూడా వచ్చాయి. పుట్టుక వివరం దిగుమతిదారు దగ్గరే ఉండాలి, అమ్మినవాడి పత్రం ఒక్కటీ చాలదు. నిన్ను ఆపింది అదే. పంతొమ్మిది రోజులు ఆపడం మాత్రం అన్యాయమే. నేనైతే సుంకం పడితే తర్వాత కడతానని బాండు రాయించుకుని సరుకు వదిలేవాణ్ణి.

ఆర్‌సెప్ అడిగావు. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మనం తప్పుకున్నాం, మిగతా పదిహేను దేశాలు 2020లో సంతకం పెట్టుకున్నాయి. చేరి ఉంటే నీ ఇంగాట్ ధరలో పెద్ద తేడా వచ్చేది కాదు. ఆసియాన్ నుంచి అది అప్పటికే సున్నా. జపాన్, కొరియాలతో విడిగా ఒప్పందాలున్నాయి. కొత్తగా తెరుచుకునే పెద్ద తలుపు చైనా ఒక్కటే. చైనా నుంచి నీకు ఇంగాట్ వచ్చేది కాదబ్బాయ్, నువ్వు పోసే మోటారు కవరే వచ్చేది.

అక్కడ జరిగిన ఇంకో బేరం మీ సరుకుకే సంబంధించింది, అందరూ మర్చిపోతారు. సుంకం ఏటా కొంత కొంత తగ్గించుకుంటూ పోవాలంటే ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? 2014లో ఉన్న సుంకం నుంచి అని వాళ్లు, 2019లో ఉన్నదాని నుంచి అని మనం. వినడానికి చిల్లర తగాదా. కానీ అల్యూమినియం మీద మన సుంకం 2014లో 5 శాతం, 2016 బడ్జెట్‌లో ఏడున్నర చేశారు. 2014 అని ఒప్పుకుంటే మొదటి రోజే రెండున్నర ఎగిరిపోయినట్టు. తలుపు ఎంత తెరవాలన్నది అందరూ చూస్తారు, గడప ఎక్కడ పెట్టారన్నది ఎవరూ చూడరు.

పేజీ ఎలా రాయాలో రేపు రాస్తాను. కళ్లు లాగుతున్నాయి.

క్లాంగ్ నుంచి:

నమస్తే అండీ. నేను మలేషియాలో పోర్ట్ క్లాంగ్ దగ్గర ఒక అల్లాయ్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మాది తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకొచ్చిన కుటుంబం. తెలుగు రాయడంలో తప్పులుంటే క్షమించాలి.

మీకు ఖర్చుల వివరం ఎందుకు ఇవ్వలేదో నేను ఊహించగలను. ఏడీసీ-12లో సిలికాన్ 9.6 నుంచి 12 శాతం, రాగి 1.5 నుంచి 3.5 శాతం ఉండాలి. మేం ప్రతి కరుగుకీ ఒక బిళ్ల పోసి స్పెక్ట్రోమీటరు కింద పెడతాం, అంకెలు సరిపోతే పోస్తాం. ఆ యంత్రానికి సిలికాన్ ఎంతో తెలుస్తుంది, స్క్రాప్ ఏ దేశానిదో తెలియదు. అన్ని దేశాలదీ ఒకే కుండలో పడుతుంది. ఇక్కడే ఏరిన స్క్రాప్ అయితే అది ఇక్కడే పుట్టినట్టు లెక్క, పేచీ లేదు. బయటి దేశం నుంచి తెచ్చిన స్క్రాప్ అయితే ఉపశీర్షిక మారుతుంది కాబట్టి ఒక కాలు నిలబడుతుంది, 35 శాతం అనే రెండో కాలు నిలబడటం కష్టం. ఎందుకంటే ఇంగాట్ ధరలో ముప్పాతిక పైగా స్క్రాప్ ఖరీదే. కరిగించడానికి అంత విలువ చేరదు. అది అమ్మేవాడికి తెలుసు. రహస్యం అన్నాడంటే అందుకే అయి ఉంటుంది. అందరూ అలాంటివాళ్లు కారు. ఈసారి కొనేటప్పుడు ఆర్డరులోనే, ఇక్కడ ఏరిన స్క్రాప్‌తో చేసిన లాటు కావాలని, వివరాలు కస్టమ్స్ అడిగితే నేరుగా వాళ్లకే పంపాలని రాయించుకోండి. అలా పంపితే మీకు వ్యాపార రహస్యం చూపించక్కర్లేదు, చాలామంది ఒప్పుకుంటారు.

బీకాం మూడో ఏడు:

ఇవన్నీ బాగున్నాయి గానీ, ఈ పేజీ ఢిల్లీలో ఎవరైనా చదువుతారా? పెద్ద పెద్ద స్మెల్టర్ల కంపెనీలు ఉండగా చర్లపల్లి షెడ్డు మాట ఎవరికి కావాలి?

పదవీ విరమణ, విశాఖ:

బీకాం బాబుకు: ఉపోద్ఘాతంతో మొదలైన పేజీని చదవరు. సంఖ్యతో మొదలైన పేజీని చదువుతారు. బేరానికి వెళ్లే అధికారి దగ్గర వేల లైన్ల జాబితా ఉంటుంది, ప్రతి లైనూ ఒక ఎనిమిదంకెల కోడ్. "చిన్న పరిశ్రమలను ఆదుకోండి" అంటే దాన్ని ఏ లైనులో పెట్టుకోవాలో ఆయనకు తెలియదు. కోడ్ రాసి పంపితే ఆ లైను పక్కన నీ పేరు పెట్టుకుంటాడు. పెద్ద కంపెనీలు చేసేది అంతే. వాళ్ల మాట చెల్లడానికి డబ్బు ఒక కారణమైతే, కోడ్ రాయడం ఇంకో కారణం.

ఇప్పుడు చర్లపల్లి అబ్బాయికి ఒక చిన్న లెక్క. నీ మోటారు కవర్ 100 రూపాయలకు అమ్ముతావనుకో. అందులో లోహం 60, మిగతా 40 నీ కష్టం, నీ కరెంటు, నీ మనుషులు. బయటి నుంచి వచ్చే కవర్ మీద 10 శాతం సుంకం ఉండి, ఇంగాట్ సున్నా అయితే, ఆ పది రూపాయల కాపు నీ 40 మీద పడుతుంది. అంటే నీకు దక్కే రక్షణ 25 శాతం. తిరగేసి చూడు: కవర్ సున్నాకు వచ్చి, ఇంగాట్ మీద నువ్వు 8.25 కడితే, 60 మీద దగ్గర దగ్గర 5 రూపాయలు నీ చేతి నుంచే పోతాయి. నీ 40లోంచి ఎనిమిదో వంతు నీ సొంత ప్రభుత్వమే కోసినట్టు. కాబట్టి ఇంగాట్ సుంకం ఒక్కటే రాస్తే సగం మాటే. స్క్రాప్, ఇంగాట్, నీ కవర్, మూడు మెట్ల కోడ్‌లూ ఒకే కాగితం మీద రాయి. స్క్రాప్‌ది 7602తో మొదలవుతుంది, అల్లాయ్ ఇంగాట్‌ది 760120తో. నీ కవర్లది మీ సీహెచ్ఏని, అంటే కస్టమ్స్ పని చూసే ఏజెంటుని, అడిగి సరిచూసుకో, మోటారు భాగం కింద వేశారా, అల్యూమినియం వస్తువు కింద వేశారా అన్నదాన్ని బట్టి కోడ్ మారుతుంది. అక్కడ తప్పు రాస్తే పేజీ అంతా దండగ.

స్క్రాప్ సున్నా అడగడానికి భట్టి ఆయన సంతకం దొరుకుతుంది. లోహం చేసే పెద్దవాళ్లు మాత్రం స్క్రాప్ మీద సుంకం ఇంకా పెంచమంటారు, ఆ సంగతి తెలిసే రాయి. ఇంగాట్ విషయంలో ఒక్కసారిగా సున్నా అనకుండా దశలవారీగా అను. ఇంకొకటి, నీకు జరిగిన నష్టం రాయి, కానీ తిట్లు లేకుండా, రోజులు, టన్నులు, రూపాయలు. పుట్టుక విచారణ ఇన్ని రోజుల్లో తేలకపోతే బాండు మీద సరుకు వదలాలి అని అడుగు. అది సుంకం తగ్గించమనడం కాదు కాబట్టి ఎవరికీ కడుపు నొప్పి ఉండదు, అన్నిటికన్నా ముందు అదే దొరికే అవకాశం ఉంది.

న్యూస్‌ప్రింట్ సంగతి చెప్పలేదు. బ్రిటన్ అడిగిన ఐదింటిలో అదొకటి అన్నాను కదా. మన దగ్గర 2019లో న్యూస్‌ప్రింట్ మీద 10 శాతం సుంకం వేశారు, పత్రికలన్నీ గొడవ చేస్తే మరుసటి ఏడాది 5 చేశారు. చూశారా, ముడిసరుకు పత్రికలవాళ్లదైతే గొడవ పేపర్లో వస్తుంది. ఇంగాట్‌ది రాదు.

స్క్రాప్ భట్టి:

సార్, మీ లెక్క మంచిగుంది. గా లోహం 60 రూపాయలల్ల నాది ఎంత అని అడుగుదామనుకున్న, వద్దులే.

దశలవారీ అంటే ఎన్నేండ్లు సార్?

పదవీ విరమణ, విశాఖ:

నువ్వు కొత్త భట్టి కొంటే అప్పు ఎన్నేళ్లలో తీరుస్తావో అన్నేళ్లు. బ్రిటన్‌కు చేరిక తర్వాత సుంకాలు సర్దుకోవడానికి 1973 నుంచి 1977 దాకా గడువిచ్చారు. నువ్వు ఐదు అడుగు, మూడు ఇస్తారు.

చర్లపల్లి డైకాస్టింగ్:

సార్, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. క్లాంగ్ అన్నకూ థాంక్స్, వచ్చే ఆర్డరులో మీరు చెప్పిన మాట పెట్టిస్తాను. మా సీహెచ్ఏని అడిగితే నా కవర్లు మోటారు భాగాల కింద, 8503లో వస్తాయన్నాడు. పంపు బ్రాకెట్లు వేరే చోటంట. ఇన్నేళ్లుగా పోస్తున్నాను, నా సరుకుకు రెండు కోడ్‌లున్నాయని నిన్ననే తెలిసింది.

పేజీ మళ్లీ రాశాను. మొదటి లైను: 7602 స్క్రాప్, అన్ని దేశాల నుంచి సున్నా. రెండు: 760120 ఇంగాట్, ఆసియాన్ బయటి దేశాల నుంచి ఐదేళ్లలో దశలవారీగా తగ్గింపు, ప్రాతిపదిక ఇవాళ ఉన్న 7.5. మూడు: మోటారు కవర్లు, బ్రాకెట్ల మీద సుంకం ఇంగాట్ కన్నా ముందు తగ్గించరాదు. నాలుగు: పుట్టుక విచారణ పది రోజుల్లో తేలకపోతే బాండు మీద విడుదల. కింద మా కంటైనర్ ముచ్చట మూడు లైన్లలో, తిట్లు లేకుండా. ఆ మూడు లైన్లు రాయడానికే గంట పట్టింది.

పొద్దున పక్క వీధికి తీసుకెళ్లాను. ఆయన అద్దాలు పెట్టుకుని మొదటి లైను చదివాడు, పెన్ను తీశాడు. రెండో లైను దగ్గర ఆగాడు. "ఐదేళ్లు అని అంకెల్లో కాదు, అక్షరాల్లో కూడా రాయి, మధ్యలో ఎవడో మూడు చేస్తాడు" అన్నాడు. రాశాను. సంతకం పెట్టాడు.

స్క్రాప్ భట్టి:

అన్నా, గా కాగితం ఫొటో పంపు. మా దిక్కు ఆరుగురున్నం, మేం కూడా పెడ్తం. కానీ మొదటి లైన్ కింద కరుగులో పోయే పది పన్నెండు కిలోల సంగతి కూడా రాయి, తెట్టు మీద కూడా సుంకం కడ్తున్నమని. శుక్రవారం కన్నా ముందే పంపు, మావోళ్లల్ల ఇద్దరు మేడారం పోతున్నరు.